ఇంజిను ఆగే తీరు

నిరుడు సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ, గురువారం, ఉదయం ఏడుంబావుకు నరసరావుపేటలోని నా దుకాణం ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులో గోనెసంచుల పరుపు మీద ఒక పాత పెట్రోలు గడ్డికోత యంత్రం ఉంది. దాని పిడిని రెండు చేతులా పట్టుకొని, జ్వరంతో ఉన్న మనిషిని వైద్యుడి దగ్గరికి తెచ్చినట్టుగా, నలభై దాటిన ఒక స్త్రీ పక్కనే కూర్చొని ఉంది. నిజానికి ఆమె వచ్చిందే ఆసుపత్రి నుంచి.

దుకాణం మూసేయాలని అప్పటికే నేను నిశ్చయించుకున్నాను. ముప్పై నాలుగేళ్ళుగా ఇంజిన్ల తాళ్ళు లాగిన నా కుడి భుజం ఇక పైకి లేవనని చెప్పేసింది. యాభై ఏడేళ్ళ వయసు విశ్రాంతికి తొందరే అని మిత్రులు అన్నారు. ఆ మాట భుజానికి చెప్పిచూడమన్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నా దుకాణం ఎలా పెరిగిందో, ఏ కంపెనీ నాకు ఏ సర్టిఫికెట్ ఇచ్చిందో ఇందులో ఉండదు. చిన్న ఇంజిన్ల పని అంటే నిజంగా ఏమిటో, నాకు అర్థమైనంతలో, నా చేతికి చివరగా వచ్చిన ఆ యంత్రాన్ని ఆధారం చేసుకొని చెబుతాను.

నోటితో ఇంజిను

నాకు పని నేర్పినవాడు సుభానీ మేస్త్రీ. ఆయన దుకాణానికి ఒక ఆచారం ఉండేది. పత్తికీ మిరపకూ మందు కొట్టే స్ప్రేయరును వీపున వేసుకొని రైతు రాగానే, ఏమైందని ఆయన అడిగేవాడు కాదు.

"ఎట్టా ఆగింది? నోటితో చెయ్యి" అనేవాడు.

రైతు సిగ్గుపడేవాడు. "నోటితో ఏంది మేస్త్రీ, మిషన్ ఇక్కడే ఉంది గదా, తాడు లాగి చూడు."

"అది నా ముందు అబద్ధం చెప్పుద్ది. చేలో ఎట్టా చచ్చిందో చూసినోడివి నువ్వు. చెయ్యి."

అప్పుడు రైతు తువ్వాలు సర్దుకొని, కళ్ళు సగం మూసుకొని, "డుర్ర్ర్ర్... టక్" అనేవాడు. లేకపోతే "డుర్ర్... డుర్... ఉర్... ఊఁ..." అని సాగదీసేవాడు. పురుగు ఉధృతంగా ఉన్న రోజుల్లో దుకాణం ముందు ఐదారుగురు నిలబడి ఒకేసారి నోటితో ఇంజిన్లు మోగిస్తుంటే, దారిన పోయే కొత్తవాళ్ళు ఆగి వింతగా చూసేవారు. ఇన్నేళ్ళ తరువాత కూడా మధ్యాహ్నపు కునుకులో నాకు ఆ మోత వినిపిస్తుంది. యంత్రాల మోత కాదు, యంత్రాలను తలుచుకుంటున్న మనుషుల మోత.

టక్కున ఆగితే లోపం కరెంటులో ఉంది: ప్లగ్గు, కాయిలు, వైరు. ఊపిరి అందనట్టు ఎగసిపడుతూ ఆగితే పెట్రోలులో ఉంది. బరువెక్కి మూలుగుతూ ఆగితే లోపల ఏదో వేడికి బిగుసుకుపోయింది. ఇదీ మేస్త్రీ వైద్యం.

ఆయన గురించి పొగడ్త మాత్రమే రాస్తే అది అన్యాయమవుతుంది. చెవిని మించి ఆయన దేన్నీ నమ్మలేదు. వెల్దుర్తి నుంచి వచ్చిన ఒక స్ప్రేయరు ఎగసిపడుతూ ఆగుతోందని విని, రెండు రోజులు దాని కార్బురేటరును విప్పి కడుగుతూనే ఉన్నాడు. చివరికి చూస్తే, స్విచ్చు వైరు ఒక బోల్టుకు రాసుకొని పైతోలు ఊడిపోయింది. ఇంజిను అదిరినప్పుడల్లా అది తగులుతూ, విడిపోతూ ఉండటం వల్ల కరెంటు లోపమే పెట్రోలు లోపంలా వినిపించింది. ఆ రెండు రోజుల్లో రైతు మిరప తోట పురుగు పాలయింది. చెవి దారి చూపుతుంది, నిజమే. కానీ అది చెప్పినదాన్ని చేతితో రుజువు చేసుకున్నాకే పానా పట్టాలి. ఇది నేను మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాను, ఆయన నేర్పకుండానే.

ఆ తరువాత కొన్నాళ్ళు ఒక కంపెనీ సర్వీసు సెంటరులో పనిచేశాను. అక్కడి మేనేజరు యజమానులతో మాట్లాడనిచ్చేవాడు కాదు. విప్పు, మార్చు, పంపించు: ఇదే ఆయన పద్ధతి. విప్పిన స్క్రూలను విప్పిన వరుసలోనే తెల్లగుడ్డ మీద పేర్చడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. అది తక్కువ విద్య కాదు. అయినా ఇద్దరిలో ఎవరి దగ్గరికి నీ సొంత ఇంజినును పంపుతావని అడిగితే, నేను మేస్త్రీ దగ్గరికే పంపుతాను, తెల్లగుడ్డ ఒకటి చేతికిచ్చి.

సరోజమ్మ

ఆ స్త్రీ పేరు సరోజమ్మ. గురజాల దారిలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో తోటపని చేస్తుంది. ఆసుపత్రి ముందు ఆవరణలో పచ్చిక ఉంది. తొమ్మిదేళ్ళ కిందట ఒక్కొక్క గడ్డిపిలకనూ జానెడు ఎడంగా నాటి, ఆమె పెంచినదే అదంతా. వార్డులో మంచాల పక్కన చోటు ఉండదు కాబట్టి, రోగుల బంధువులు ఆ పచ్చిక మీదే రోజులు గడుపుతారు. క్యారేజీలు విప్పుకొని తింటారు, పడుకుంటారు, ఏ కబురు వస్తుందోనని తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు.

ఆ వానాకాలంలో యంత్రం మొరాయించింది. గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. వారం కిందట అందులోంచి ఒక కట్లపాము బయటికి వచ్చింది. ఎవరినీ కరవలేదు కానీ, ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ఆ రోజే తేల్చి చెప్పింది: గడ్డిమందు కొట్టించి, ఆవరణ అంతా నాపరాళ్ళు పరిపిస్తానని.

"రేపు సాయంత్రం మాచర్ల నుంచి రాళ్ళ ట్రాక్టరు వస్తదన్నా" అంది సరోజమ్మ. "ఈలోపల మిషన్ నడిచి, గడ్డి పొట్టిగా కనపడితే మేడంని అడగొచ్చు. లేకపోతే ఏం మొగం పెట్టుకొని అడగను? బండలు మధ్యానానికి పెనంలా కాలతయ్యి. జనం యాడ పడుకోవాలి?"

"కొడవలితో కోయలేవా అమ్మా?"

"కోస్తానే ఉండా. ఈ చివర కోసుకొచ్చేలోపల ఆ చివర లేస్తంది."

యంత్రాన్ని అప్పటికే రెండు దుకాణాలకు చూపించింది. ఒకరు కాయిలు మార్చారు. ఇంకొకరు కార్బురేటరు మార్చారు. రెండు చోట్లా దుకాణంలో చక్కగా నడిచింది. ఆసుపత్రికి తీసుకెళ్ళగానే ఇరవై నిమిషాలకు ఆగిపోయింది. అరగంట వదిలేస్తే లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది.

నేను మేస్త్రీ ప్రశ్న అడిగాను. "ఎట్టా ఆగుద్దమ్మా? నోటితో చెయ్యి."

ఆమె నా వైపూ, ఆటోవాడి వైపూ చూసింది. "నవ్వగూడదు."

"నవ్వను."

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మొదలుపెట్టింది. "దర్ర్ర్ర్... దర్... హూఁ... దర్... హూఁ... హూఁ..." చివరికి వచ్చేసరికి గొంతు ఎండినవాళ్ళు గాలి మింగినట్టుగా ఆ శబ్దం అణగిపోయింది. ఆటోవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఒరేయ్, దారిలో నీ ఆటో ఇట్టా ఆగినప్పుడు నేనూ నవ్వుతాలే" అంది ఆమె.

ఆ శబ్దంలో టక్కు లేదు. దాహం ఉంది.

దుకాణంలో ఆగని ఇంజిను

ఆ రోజు చేయవలసినవన్నీ చేశాను. ప్లగ్గు విప్పితే తెల్లగా, పొడిగా ఉంది. అంటే దానికి చాలినంత పెట్రోలు అందడం లేదు. ఆయిలు సరిగా ఉంది. సిలిండరు చుట్టూ ఉండే రెక్కల మధ్య పత్తి పీచు గానీ గడ్డి గానీ ఇరుక్కోలేదు. కొత్త కార్బురేటరు శుభ్రంగా ఉంది. మెకానిక్కులందరూ చేసినట్టే, ట్యాంకులో అడుగంటేటంత పెట్రోలు పోసి నడిపాను. గంటకు దగ్గరగా నడిచింది. ఒక్కసారి కూడా ఎగసిపడలేదు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆగని ఇంజినులో ఏదో ఒకటి మార్చి, బాగుచేశామని పంపిస్తారు. లోపం మన కళ్ళముందు కనబడనంతవరకు మనం బాగుచేసింది ఏమీ లేదు. అది ఎక్కడ ఆగుతుందో అక్కడికి మనమే వెళ్ళాలి.

ఆ సాయంత్రమే యంత్రాన్ని ఆటోలో ఆసుపత్రికి తిరిగి పంపించి, మరునాడు పొద్దున సంచి భుజాన వేసుకొని, ఎడమ భుజానే, గురజాల బస్సెక్కాను.

వేప నీడలో

ఆసుపత్రిలో పెట్రోలు డబ్బాను ఆఫీసు గదిలో పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి అంబులెన్సు డ్రైవరు దగ్గర ఉంటుంది. రోజూ పొద్దున ఆయనే వచ్చి, గడ్డికోత యంత్రం ట్యాంకును అంచుదాకా నింపి, మూత గట్టిగా బిగించి వెళ్తాడు. ఆ మూత ముట్టుకోవడానికి సరోజమ్మకు అనుమతి లేదు. ఆ రోజూ అలాగే నింపి వెళ్ళాడు. నేను చూస్తూనే ఉన్నాను.

సరోజమ్మ యంత్రాన్ని నడిపింది. నేను ఆవరణ మధ్యలో ఉన్న వేపచెట్టు కింద కూర్చున్నాను.

ఆ కాసేపటి గురించి రాయాలని ఉంది. ఈ వృత్తిలో పెద్ద భాగం అదే: ఒకటి ఆగిపోవడం కోసం ఓపికగా ఎదురుచూడటం. రాత్రి పడిన జల్లు ఇంకా గడ్డి మొదళ్ళలో ఉంది. కోసిన గడ్డి వాసన, పెట్రోలు వాసన కలిసి, పచ్చి కాయను గోటితో గిల్లినట్టు గాలిలో ఉండిపోయాయి. తెగిన గడ్డి మీద తూనీగలు లేస్తూ వాలుతున్నాయి. ఒక ముసలాయన ఎండ పడకుండా ఎక్స్‌రే కవరు ముఖం మీద కప్పుకొని నిద్రపోతున్నాడు. ఆయన ఊపిరికి ఆ కవరు చిన్నగా లేచి పడుతోంది. ఒక పిల్లతల్లి యంత్రం దగ్గరికి వచ్చినప్పుడు చాప ఎత్తుకొని, అది దాటిపోగానే కోసిన చోట మళ్ళీ పరుచుకుంది. ఇంజిను మోత గోడ దాకా వెళ్ళి, తిరిగి నా దాకా వచ్చి, మళ్ళీ వెళ్ళిపోతోంది, ఎవరో ఎవరికోసమో ఊపుతున్న ఉయ్యాలలా.

కునుకు పట్టింది. ఆ కునుకులో ఒక మిరప చేను కనిపించింది, పండి ఎర్రగా ఉంది. సాళ్ళ వెంట మనుషులు లేకుండా స్ప్రేయర్లు తమంతట తామే నడుస్తున్నాయి. వాటి పొగమంచులో సుభానీ మేస్త్రీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నిలబడ్డాడు. ఏమీ అడగడం లేదు, వింటున్నాడు. నేనూ విన్నాను. మోత సన్నబడింది, ఎగసింది, మళ్ళీ సన్నబడింది. దర్... హూఁ... దర్... హూఁ...

ఇంజిను ఆగేటప్పటికి నేను లేచి దాని దగ్గర ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు.

"అయిపోయింది. ఇంక అరగంట" అంటూ సరోజమ్మ గడ్డిలో చతికిలబడింది. ఆగిన మరుక్షణమే లోపం పట్టుబడుతుంది; అరగంట ఆగితే అది జారుకుంటుంది. ప్లగ్గు విప్పి, ఎడమ చేత్తో తాడు లాగాను. ప్లగ్గు మొన దగ్గర నీలిరంగు నిప్పురవ్వ స్పష్టంగా పడింది. కరెంటులో లోపం లేదు. ప్లగ్గు బిగించి, కార్బురేటరు గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేశాను. రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి. గిన్నె ఖాళీ. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీశాను. అందులోంచీ రెండు చుక్కలే. పైన నిండా పెట్రోలు ఉంది. కిందికి మాత్రం దిగడం లేదు.

అప్పుడు మూత మీద చెయ్యి వేసి తిప్పాను.

స్స్స్స్ అని ట్యాంకు గాలి పీల్చుకుంది. నీళ్ళలో మునిగిన మనిషి పైకి తేలి పీల్చుకున్నట్టు, చాలాసేపు. వెంటనే గొట్టం లోంచి పెట్రోలు ధారగా నా వేళ్ళ మీద పడింది.

పాల ప్యాకెట్టు ముక్క

పెట్రోలు కిందికి దిగిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకోసం మూతలో సూది మొనంత రంధ్రం ఉంటుంది. ఆ మూతను తిరగేసి చూశాను. వాషరు కింద గుండ్రంగా, నీటుగా కత్తిరించిన ప్లాస్టిక్కు ముక్క ఒకటి రంధ్రాన్ని మూసేసి ఉంది. ఎంత నీటుగా ఉందంటే, నాకంటే ముందు చూసినవాళ్ళు అది కంపెనీవాళ్ళు పెట్టిందే అనుకొని ఉంటారు.

సరోజమ్మ దాన్ని వెలుగుకు పట్టి చూసింది. "ఇది మా ఇంట్లో వాడే పాల ప్యాకెట్టు. మా ఆయన కత్తిరింపు ఇది."

ఆమె భర్త దావీదు దుర్గి వైపు కూలికి మందు కొడతాడు. ఆమె ఫోను స్పీకరులో పెట్టింది. అవతల స్ప్రేయరు మోత వినిపించి, ఆగింది.

"ఏందే, మందు కొడతన్నా."

"గడ్డి మిషన్ మూతలో పాల ప్యాకెట్టు ముక్క పెట్టింది నువ్వేనా?"

"అవును. ఏం?"

"ఏమా! ఈ వానాకాలమంతా నా ఉసురు తీసింది అదేనంట."

"ఎవురే చెప్పింది?"

"పేట నుంచి మేస్త్రీ వచ్చాడు. పక్కనే ఉండాడు."

"అయితే ఆయన్నే మాట్లాడమను. మేస్త్రీ, నా స్ప్రేయరుకు ఐదేళ్ళ నుంచి ఉంది అట్టాంటి ముక్క. వంగినప్పుడల్లా పెట్రోలు వీపు మీద కారి మండుద్ది గదా, అందుకని మా కాడ అందరం పెట్టుకుంటాం. నాది ఏ రోజూ ఆగలా."

"మందు నింపడానికి దించినప్పుడల్లా పెట్రోలు మూత తీస్తావా?"

"తీయకపోతే ఉందో లేదో ఎట్టా తెలుద్ది?"

"అంటే పావుగంటకోసారి తీస్తావు. అప్పుడల్లా నీ ఇంజిను గాలి పీల్చుకుంటంది, నీకు తెలవకుండానే. దీని మూత పొద్దున బిగిస్తే మళ్ళీ రేపే తీసేది. అంచుదాకా నింపుతున్నారు, లోపల గాలికి చోటే లేదు."

దుకాణాల్లో అది ఎందుకు ఆగలేదో చెబుతున్నప్పుడే నాకూ పూర్తిగా అర్థమైంది. మేము పోసింది అడుగంటేటంత పెట్రోలు. ట్యాంకు నిండా ఉన్న గాలి దానికి చాలాసేపు సరిపోయింది. ఇక ఆసుపత్రిలో అరగంట తరువాత లేవడానికి కారణం, మూత సందుల్లోంచి మెల్లమెల్లగా దూరిన కాస్త గాలి.

అవతల స్ప్రేయరును కిందికి దించిన చప్పుడు వినిపించింది.

"మిషన్ తిప్పినప్పుడల్లా పెట్రోలు ఆమె చేతుల మీద చిందేది మేస్త్రీ" అన్నాడు దావీదు. గొంతు తగ్గింది. "చేతులు పొక్కినయ్యి. చూళ్ళేక, ఓ సాయంత్రం ఆమె కోసం వచ్చినప్పుడు పెట్టా."

సరోజమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "ఇంటికి రా, చెబుతా నీ సంగతి" అంది. అందులో కోపం ఏమీ లేదు.

ముక్క తీసేయడంతో పని ముగిసిందనుకుంటే అది సగం పనే. తీసేస్తే ఆమె చేతులు మళ్ళీ పొక్కుతాయి. యజమాని చేసిన ప్రతి పొరపాటు వెనుకా ఒక నిజమైన ఇబ్బంది ఉంటుంది; దాన్ని కూడా బాగుచేసి రావాలి. డ్రైవరును పిలిచి, మూడు వేళ్ళ ఎడం వదిలి నింపమన్నాను. అలా నింపితే చిందదు, గాలికీ చోటు ఉంటుంది.

"తక్కువ పోస్తే మధ్యలో అయిపోద్ది. నేను రెండుసార్లు తాళం తీయాలా?" అన్నాడు.

"తియ్యి బాబాయ్, తాళం అరిగిపోదులే" అంది సరోజమ్మ.

రాళ్ళ ట్రాక్టరు

భోజనాల తరువాత ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు దాటాయి. నేను మళ్ళీ కునుకు తీయలేదు. అరగంట దాటింది. వార్డు గోడ వైపు నుంచి పచ్చిక తివాచీలా పరుచుకుంటూ వస్తోంది. కోసిన వెంటనే జనం అందులోకి వచ్చి కూర్చుంటున్నారు. నాలుగు దాటాక గేటు దగ్గర ట్రాక్టరు హారను మోగింది. సరోజమ్మ అటు చూడలేదు.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది. యంత్రం ఆ చివర దాకా వెళ్ళి తిరిగి వచ్చేదాకా చూసింది.

"ఇది ఆగలేదే?"

"ఇక ఆగదు మేడం" అన్నాను.

"రాళ్ళు యాడ దించమంటారమ్మా?" అని ట్రాక్టరువాడు అరిచాడు.

ఆమె మెట్లు దిగి, కోసిన గడ్డిలో నడిచి, వేపచెట్టు దగ్గర నిలబడింది. "గేటు నుంచి ఈ చెట్టు దాకా పరవండి. ఇవతల వద్దు."

సరోజమ్మ స్విచ్చు నొక్కింది. టక్కున ఆగింది. ఆ వానాకాలంలో ఆ ఇంజిను ఆమె ఆపితే ఆగడం అదే మొదటిసారి.

"గేటు కాడిదే మేడం నేను మొట్టమొదట నాటింది."

"తెలుసు సరోజా. పోయిన నెల అంబులెన్సు దిగబడింది కూడా అక్కడే. లోపలున్న మనిషిని చేతుల మీద మోసుకొచ్చాం. అది నీకూ తెలుసు."

 డాక్టరమ్మ చెప్పినదాంట్లో తప్పుపట్టడానికి ఏమీ లేదు. సరోజమ్మ గునపం తెచ్చుకొని, గేటు దగ్గర గడ్డిని వేళ్ళతో సహా పెళ్ళలుగా లేపడం మొదలుపెట్టింది. పిల్లతల్లి బిడ్డను చాప మీద పడుకోబెట్టి వచ్చి రెండు పెళ్ళలు ఎత్తుకుంది. ముసలాయన ఎక్స్‌రే కవరులోనే మట్టితో సహా కొంత గడ్డి మోశాడు. వార్డు వెనుక పంపు దగ్గర వాటిని పరిచారు. రాళ్ళవాళ్ళు బీడీలు ముట్టించుకొని, తొందరపెట్టకుండా, చీకటి పడేదాకా ఆగారు.

లెక్క

పోయినవి: గేటు నుంచి వేపచెట్టు దాకా పచ్చిక, అందులో సరోజమ్మ మొదట నాటిన వరుసలు. అవసరం లేకుండా మార్చిన ఒక కాయిలు, ఒక కార్బురేటరు. నా కుడి భుజం. ఆ నెలాఖరున మూసిన నా దుకాణం.

మిగిలినవి: వేపచెట్టు నుంచి వార్డు గోడ దాకా పచ్చిక. పంపు దగ్గర బతికిన కొన్ని పెళ్ళలు. యంత్రం, దానితో పాటు సరోజమ్మ పని. మేస్త్రీ ప్రశ్న, అడగదలిచినవారికి.

పాల ప్యాకెట్టు ముక్క నా దగ్గర లేదు. బస్సెక్కేముందు సరోజమ్మ దాన్ని అడిగి తీసుకుంది.